కుడివైపు అంచున మోచెయ్యి

"ఇంకొంచెం జరుగు."

నిట్రాట కుడివైపుకి ఒక అడుగు జరిగింది.

"ఇంకొంచెం."

మరో అడుగు జరిగింది.

ఒక కన్ను కెమెరాకి ఆనించి, రెండో కన్ను గట్టిగా మూసుకున్న పిచ్చుక పళ్ళు కొరుక్కుంది. అంతా కుదిరింది. సైన్సు గదిలో కిటికీ పక్కన బల్ల, ఆ బల్ల మీద ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన వంతెన. ఎండ ఏటవాలుగా పడి ఒక్కో పుల్లా మెరుస్తోంది. ఎడమవైపు కవల అన్నదమ్ములిద్దరూ బల్ల అంచుకి గడ్డాలు ఆనించి కూర్చున్నారు. వాళ్ళ వెనక కళ్ళజోడు అబ్బాయి వంగి వంతెన వైపు వేలు చూపిస్తున్నాడు. చూస్తుంటే కళ్ళు తిప్పుకోబుద్ధి కావడం లేదు.

నిట్రాట ఒక్కతే కుదరడం లేదు. వంగితే వంతెన మీద నీడ పడుతోంది. నిలబడితే తల కిటికీ దాకా వెళ్ళి, వెనకున్న ఇనప ఊచ సరిగ్గా నడినెత్తి మీంచి కొమ్ము మొలిచినట్టు కనిపిస్తోంది.

పిచ్చుకా, నిట్రాటా వాళ్ళ అసలు పేర్లు కావు. చిన్నప్పట్నించీ ఒక్కచోట కుదురుగా కూర్చోదు కాబట్టి ఆమె పిచ్చుక అయింది. ఆ పేరంటే ఆమెకి ఇష్టమే. నిట్రాట సంగతి వేరు. పాక మధ్యలో కప్పుని మోస్తూ నిలబడే పొడుగాటి గుంజని నిట్రాట అంటారు. ఏడాది తిరక్కుండానే మనవరాలి గౌన్లు పొట్టయిపోతుంటే, వాళ్ళ నాయనమ్మ "మా ఇంటి నిట్రాటే ఇది" అని మురిసిపోయేది. ఎవరో స్నేహితురాలు విని బడికి మోసుకొచ్చింది. ఇంట్లో ముద్దుగా పుట్టిన పేరు బడికొచ్చేసరికి వెక్కిరింత అయింది. అప్పట్నించి ఆ పిల్ల మెడ కాస్త వంచి నడవడం అలవాటు చేసుకుంది.

పిచ్చుకది ఆ వంతెన కట్టిన నలుగురి జట్టు కాదు. ఆమెది కెమెరా క్లబ్బు. క్లబ్బుకి ఉన్నది ఒకటే కెమెరా, ఈ వారం అది పిచ్చుక మెడలో ఉంది. క్లబ్బు నడిపే డ్రాయింగ్ టీచరు మొదటిరోజే అందరికీ తలో అట్టముక్క ఇచ్చింది. మధ్యలో కిటికీలా కోసిన అట్టముక్క.

"దీంట్లోంచి చూడండి," అంది టీచరు. "నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు ఉన్నాయనుకోండి. ముఖ్యమైనదాన్ని నట్టనడుమ కుదేయకండి, ఆ గీతల దగ్గర పెట్టి చూడండి. నాలుగు మూలలూ చూసుకోండి. ఇల్లు సర్దినట్టే. అక్కర్లేనివి బయట పెట్టాలి."

టీచరు చెప్పినవాటిలో పిచ్చుకకి బాగా తలకెక్కింది ఆ చివరిమాట ఒక్కటే.

"ఇంకొక్క అడుగు జరుగు. అంతే," అంది పిచ్చుక.

నిట్రాట జరిగింది. కెమెరా కిటికీలోంచి మాయమైంది. ఫోటో ఒక్కసారిగా తేటపడింది.

పిచ్చుక నొక్కబోతూ ఎందుకో తల పైకెత్తి చూసింది. నిట్రాట కాలర్ సరిచేసుకుంటోంది. నుదుటి మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. చేతులు కట్టుకుని, కెమెరా వైపు చూసి, మెల్లగా నవ్వింది. వేళ్ళ కొసల్లో ఇంకా జిగురు ఎండి తెల్లగా కనిపిస్తోంది.

తను ఫోటోలో లేనని ఆ పిల్లకి తెలియదు.

పిచ్చుకకి మాత్రం తెలుసు. నోరు తెరిచి ఒక్కమాట అనొచ్చు. 'ముందు ఇదొకటి తీసేస్తే, తర్వాత అందరితో ఇంకోటి తియ్యొచ్చుగా' అని తనకి తనే సర్దిచెప్పుకుంది. క్లిక్‌మంది.

అంతలో సైన్సు మాస్టారు ఇటుకలు పట్టుకుని గదిలోకి వచ్చారు. "ఫోటోలు చాలర్రా, తప్పుకోండి! ఈ వంతెన ఎంత మోస్తుందో చూద్దాం."

ఒక్కో ఇటుకా పెడుతుంటే పిల్లలందరూ ఊపిరి బిగపట్టారు. వంతెన కిర్రుమంది. వంగింది. నిలబడింది. ఇంకోటి పెట్టారు. నిలబడింది. ఆఖరికి ఫట్‌మని విరిగి, పుల్లలు గదంతా ఎగిరాయి. మిగతా జట్లన్నిటికంటే ఎక్కువ మోసింది మరి! కవలలు ఒకరినొకరు కావలించుకుని గెంతారు. నిట్రాట ఆనందం పట్టలేక కళ్ళజోడు అబ్బాయి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ దెబ్బకి వాడి కళ్ళజోడు ఊడి కిందపడింది.

రెండో ఫోటో తియ్యడానికి వంతెన మిగల్లేదు.

* * *

కంప్యూటర్లో ఫోటో చూసి డ్రాయింగ్ టీచరు కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎంత బాగా తీశావే! ఆ వెలుతురు చూడు. ఆ చెయ్యి చూపించే వైపు మన చూపు దానంతటదే పోతోంది. దీన్ని పెద్దది చేయించి గుమ్మం దగ్గర పెడదాం. తల్లిదండ్రులు వచ్చే రోజుకి సిద్ధంగా ఉండాలి."

పిచ్చుక గాల్లో తేలిపోయింది.

"అవునూ, ఇదేంటి?" టీచరు తెర మీద కుడివైపు అంచుని వేలితో చూపించింది. అక్కడో మోచెయ్యి ఉంది. తెల్ల చొక్కా చేతికింద, అంచుకి ఆనుకుని, ఒక్క మోచెయ్యి.

ఆఖరి అడుగు కాస్త తక్కువ పడినట్టుంది.

"ఎవరో పక్కన నిలబడ్డారు టీచర్," అంది.

ఎవరో. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

పిచ్చుక వాళ్ళ నాన్న ఫోటోలకి ఫ్రేములు కడతాడు. వీధి మలుపులో చిన్న షాపు. ఎప్పుడూ చెక్కపొట్టు వాసన, గోడలకి ఆనించిన బద్దలు, గాజుపలకల మధ్య పెట్టిన పాత పేపర్లు. కూతురు తీసిన ఫోటో అనేసరికి ఆయన చేతిలో ఉన్న పనంతా పక్కన పెట్టేశాడు. మంచి నల్ల బద్ద ఏరి తెచ్చాడు.

"నాన్నా, చుట్టూ వేసే తెల్ల అట్ట కాస్త లోపలికి వెయ్యవా?" అంది పిచ్చుక. "ఆ చెయ్యి కనపడకుండా."

నాన్న అట్టని జరిపి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "అట్లా వేస్తే వంతెన కొస కూడా పోతుంది అమ్మలూ. ఇంత కష్టపడి కట్టినదాన్ని మొండి చేస్తామా? అయినా ఈ చెయ్యి ఎవరిదే?"

"ఎవరిదో."

"ఎవరిదో అంటే ఎట్లా? చెయ్యి ఉందంటే దాని వెనకాల మనిషి ఉండాలిగా!" అని పెద్దగా నవ్వాడు నాన్న. ఆయన జోకులకి ఎప్పుడూ పగలబడి నవ్వే పిచ్చుక ఆరోజు నవ్వలేదు. కింద రాలిన చెక్కపొట్టుని కాలితో కుప్ప చేస్తూ కూర్చుంది.

* * *

తల్లిదండ్రులు వచ్చే రోజు బడి గుమ్మం దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. గుమ్మం దాటగానే ఎదురుగోడ మీద పిచ్చుక ఫోటో. వచ్చినవాళ్ళు వచ్చినట్టే దాని ముందు ఆగిపోతున్నారు.

"మా వాళ్ళిద్దరూ ఎంత బుద్ధిమంతుల్లా ఉన్నారో చూడండి!" అంది కవలల అమ్మ. "ఇంట్లో ఒక్క పూట ఇట్లా కూర్చుంటే నా బతుకు బాగుపడును."

అందరూ నవ్వారు. కళ్ళజోడు అబ్బాయి వాళ్ళ నాన్న పిచ్చుక తల నిమిరి, "నువ్వేనా తల్లీ తీసింది?" అన్నాడు. పిచ్చుక పక్కనే నిలబడి, ప్రతివాళ్ళకీ తల ఊపుతోంది. కుడివైపు అంచు వైపు మాత్రం చూడడం లేదు. కాస్త దూరంలో నీళ్ళ కుళాయి దగ్గర నిట్రాట ఒంటరిగా నిలబడి ఉంది. అటు కూడా చూడడం లేదు.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. కండక్టరు యూనిఫాం, భుజాన టికెట్ల సంచి, ముఖమంతా చెమట. నిట్రాట వాళ్ళ అమ్మ.

"బస్సు స్టాండులో ఆపి వచ్చాను. డ్రైవరన్న ఎక్కువసేపు ఆగడు," అంది ఆయాసపడుతూ. "ఏదీ, వంతెన ఫోటో ఏదీ? మా అమ్మాయి వాళ్ళు కట్టిందే!"

ఫోటో ముందు నిలబడింది. నవ్వుతూ చూసింది. కవలల్ని చూసింది. కళ్ళజోడు అబ్బాయిని చూసింది. మళ్ళీ మొదట్నించి చూసింది. సంతలో తప్పిపోయిన పిల్లని వెతుకుతున్నట్టు ఆమె కళ్ళు ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగాయి.

"మా అమ్మాయేదీ?"

ఆమె పిచ్చుక వైపు తిరిగింది. "నువ్వే తీశావట కదమ్మా. మా అమ్మాయి ఎక్కడుంది ఇందులో?"

పిచ్చుక చుట్టూ ఇంతమంది. కవలల అమ్మ. టీచరు. తల నిమిరిన ఆయన.

"అప్పుడు... నేను నొక్కేటప్పుడు తను కదిలిపోయింది ఆంటీ."

అనేసింది. అన్నాక చూసింది, నిట్రాట ఎప్పుడొచ్చిందో వాళ్ళమ్మ వెనకే నిలబడి ఉంది.

పిచ్చుక ఒక అడుగు వెనక్కి వేసింది. ఇప్పుడు చెప్పేస్తుంది. "నువ్వే కదా జరగమన్నావు" అంటుంది. అందరూ తన వైపు తిరుగుతారు.

నిట్రాట పిచ్చుక ముఖంలోకి చూసింది. తర్వాత వాళ్ళమ్మని చూసింది.

"అవునమ్మా," అంది మెల్లగా. "కదిలాను."

"చాల్లే, నీకెప్పుడు కుదురుంది గనక!" అని వాళ్ళమ్మ నవ్వేసింది. కానీ వెంటనే వెళ్ళిపోలేదు. ముందుకి వంగి ఫోటో అంచుని చూసింది. గాజు మీద వేలు పెట్టింది.

"ఇదిగో! ఇది దీని చెయ్యే. ఈ మచ్చ చూశారా? సైకిలు నేర్చుకుంటూ గోడకి గుద్దుకుంది. ఎన్ని రోజులు కట్టు కట్టానో ఈ మోచేతికి!" ఫోను తీసి, ఆ మోచేతికి బాగా దగ్గరగా పెట్టి ఫోటో తీసుకుంది. "డ్రైవరన్నకి చూపిస్తానని చెప్పొచ్చాను మరి."

సంచి సర్దుకుంటూ వచ్చినంత వేగంగా వెళ్ళిపోయింది.

భూమి నిలువునా చీలి తనని మింగేస్తే బాగుండనిపించింది పిచ్చుకకి. ఆ తర్వాత కూడా ఎవరెవరో వచ్చారు. బాగుందన్నారు. భుజం తట్టారు. ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడి, అందరికీ తల ఊపుతూనే ఉంది. తల ఎత్తి చూసేసరికి నిట్రాట అక్కడ లేదు.

* * *

ఆ సాయంత్రం పిచ్చుక షాపులో ఒక మూల కూర్చుంది. నాన్న ఒక బద్దని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"ఏంటి అమ్మలూ, ఫోటో చూసి అందరూ ఏమన్నారు?"

"నాన్నా, ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు."

నాన్న రుద్దుతూనే ఉన్నాడు. పిచ్చుక చెప్పడం మొదలుపెట్టింది. ఇనప ఊచ గురించి చెప్పింది. జరగమన్న సంగతి చెప్పింది. నిట్రాట కాలర్ సరిచేసుకుని నవ్విన సంగతీ, వాళ్ళమ్మ వచ్చి కూతురేదని అడిగిన సంగతీ చెప్పింది.

"మరి వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పారు?"

"కదిలిందని."

"ఎవరు చెప్పారు?"

"నేనే."

నాన్న చేతిలో కాగితం ఆగింది. బద్దని పక్కన పెట్టాడు. ఏదో అనబోయి ఆగి, మళ్ళీ బద్ద అందుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏడ్చేసి ఊరుకునేది. గదిలో ఆ గరుకు కాగితం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు పిచ్చుక ఒంటి మీదే రుద్దుతున్నట్టుంది.

ఇంటికెళ్ళాక అమ్మ ఎంత బతిమాలినా రెండు ముద్దలకంటే ఎక్కువ దిగలేదు.

* * *

మర్నాడు ఆటల పీరియడ్లో నిట్రాట మెట్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకుంటోంది. పిచ్చుక వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఎన్నో మాటలు కూడగట్టుకుని వచ్చింది. ఒక్కటీ గుర్తురాలేదు.

"కదిలానని ఎందుకన్నావు?" అంది చివరికి.

"మా అమ్మ బస్సు వదిలేసి వచ్చింది. గొడవెందుకని." నిట్రాట తల ఎత్తలేదు.

"నువ్వు ఫోటోలో లేవని నీకు తెలుసా? తీసేటప్పుడు?"

"అప్పుడు తెలీదు. గోడ మీద పెట్టాక తెలిసింది." ముడి ఊడదీసి మళ్ళీ కట్టింది. "ముందు రోజే ఇంట్లో చెప్పేశాను. నా ఫోటో గోడ మీద పెడతారట అని."

పిచ్చుక చెవులు వేడెక్కాయి.

"సారీ."

"పర్లేదులే. నన్నెప్పుడూ వెనకాల నిలబెడతారు. నువ్వు బయట నిలబెట్టావు. అంతేగా తేడా."

ఆ మాట కోపంగా అని ఉంటే పిచ్చుక ఏదో ఒకటి అనగలిగేది. ఆ పిల్ల మామూలుగా అంది. వాతావరణం గురించి చెప్పినట్టు అంది. లేచి, అలవాటుగా మెడ వంచి, ఆటస్థలం వైపు వెళ్ళిపోయింది.

పిచ్చుక తిన్నగా డ్రాయింగ్ గదికి వెళ్ళింది.

"టీచర్, ఆ మోచెయ్యి ఎవరిదో కాదు." అంతా చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. "ఆ ఫోటో తీసేయండి టీచర్. చూడలేకపోతున్నాను."

టీచరు కిటికీ అద్దం తుడుస్తున్న గుడ్డ మడత పెట్టింది.

"నాకు చెప్పడమేనా, ఆ అమ్మాయికి చెప్పావా?"

"చెప్పాను."

"తీసేయొచ్చు. కానీ కవలల అమ్మ ఇవాళ వాళ్ళ అత్తగారిని తీసుకొస్తానంది. ఆ ఫోటోలో ఉన్నవాళ్ళు ఏం పాపం చేశారు? నువ్వు చూడలేకపోతున్నావని వాళ్ళనీ తీసేద్దామా?"

పిచ్చుకకి అది తట్టనే లేదు. మళ్ళీ అదే పని చెయ్యబోయింది. తలదించుకుంది.

"మరి నేనేం చెయ్యాలి టీచర్?"

"నాకెట్లా తెలుస్తుంది? ఆ రోజు కెమెరా వెనకాల ఉన్నది నువ్వు." టీచరు బీరువా తీసి, కెమెరా ఇచ్చి, తన పనిలో పడిపోయింది.

* * *

నిట్రాట రోజూ వాళ్ళమ్మ బస్సులోనే ఇంటికి వెళ్తుంది. ఆ సాయంత్రం పిచ్చుక కూడా ఆమె వెనకే బస్సెక్కింది.

"నువ్వెక్కడికి?" అంది నిట్రాట.

"మీ అమ్మతో మాట్లాడాలి."

"ఏం వద్దు. దిగు."

"మాట్లాడతాను."

బస్సు స్టాండులోనే ఆగి ఉంది గానీ ఇంజను మాత్రం గుడగుడమంటోంది. సీట్లు దాదాపు నిండిపోయాయి. వాళ్ళమ్మ టికెట్లు కొడుతూ దగ్గరికి వచ్చింది.

"ఓహో, ఫోటోల పిల్లా! ఎక్కడికమ్మా?"

"ఆంటీ, తను కదల్లేదు," అంది పిచ్చుక.

"ఏంటీ?"

"తను కదల్లేదు ఆంటీ."

"గట్టిగా చెప్పమ్మా, ఈ ఇంజను చప్పుడులో ఏం వినపడి చస్తుంది!"

పిచ్చుక గుండె నిండా గాలి పీల్చుకుంది. కళ్ళు మూసుకుని అరిచింది. "తను కదల్లేదు! నేనే జరగమన్నాను! మీతో అబద్ధం చెప్పాను!"

సరిగ్గా ఆ మధ్యలో డ్రైవరు ఇంజను ఆపేశాడు. "అబద్ధం చెప్పాను" అన్నమాట బస్సు ఈ చివర నుంచి ఆ చివరకి ఖంగుమని మోగింది. కిటికీలోంచి బయటికి చూస్తున్నవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పిచ్చుకకి దిగి పారిపోవాలనిపించింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

వాళ్ళమ్మ ముఖంలో నవ్వు పోయింది.

"ఎందుకు జరగమన్నావు?"

"తల వెనకాల... కిటికీ ఊచ వచ్చింది. ఫోటో బాగుండదని."

ఆమె కూతురి వైపు చూసింది. "మరి నువ్వెందుకే కదిలానన్నావు?"

నిట్రాట పైకడ్డీ పట్టుకుని బూట్ల వైపు చూస్తోంది.

వాళ్ళమ్మ ఒక ముసలాయనకి టికెట్టు ఇచ్చింది. చిల్లర ఇచ్చింది. మళ్ళీ వచ్చి పిచ్చుక పక్కన నిలబడింది.

"డ్రైవరన్నకి ఆ మోచెయ్యి చూపించానమ్మా," అంది నెమ్మదిగా. "ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను."

అంతే అంది. పిచ్చుక కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆమె ఓదార్చలేదు. పిచ్చుక కూడా ఓదార్చాలని కోరుకోలేదు.

కాసేపటికి పిచ్చుక అరచేత్తో ముక్కు తుడుచుకుంది. "ఆంటీ, ఇంకో ఫోటో తియ్యనా? వంతెన లేదు. కానీ..."

"నన్నడుగుతావేం? అడగాల్సింది దాన్ని."

పిచ్చుక నిట్రాట వైపు తిరిగింది. "తియ్యనా?"

నిట్రాట పైకడ్డీ మీద చెయ్యి మార్చింది. ముందు సీట్లో ముసలాయన మెడ తిప్పి మరీ వింటున్నాడు. "తీయించుకో తల్లీ, బస్సు కదిలేలోపు," అన్నాడు ఉండబట్టలేక.

నిట్రాటకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. బస్సు దిగింది. తలుపు పక్కన నిలబడి, అలవాటుగా అడిగింది. "ఎక్కడ నిలబడను?"

"నిలబడ్డావుగా. అక్కడే."

పిచ్చుక కెమెరా కంటికి ఆనించింది. నిట్రాట తల వెనక లైటు స్తంభం నిటారుగా మొలిచి ఉంది. 'జరుగు' అన్నమాట నాలిక కొస దాకా వచ్చింది. మింగేసింది. తనే ఎడమవైపుకి నడిచింది. స్తంభం మెల్లగా తల వదిలి పక్కకి పోయింది. కానీ ఇప్పుడు తల పైన తెగిపోతోంది. పిచ్చుక వెనక్కి నడిచి, అక్కడున్న సిమెంటు బెంచీ ఎక్కింది. ఇప్పుడు తల సరిపోయింది. కాళ్ళూ సరిపోయాయి. ఎడమ అంచు చూసింది. కుడి అంచు చూసింది. నిట్రాట రెండు చేతులూ పూర్తిగా లోపల ఉన్నాయి.

"ఉన్నానా?" అంది నిట్రాట.

"ఉన్నావు. కానీ మెడ ఎందుకు వంచావు?"

"పొడుగైపోతాగా."

"నేను బెంచీ ఎక్కానుగా. నీ ఇష్టమొచ్చినంత పొడుగుండు."

నిట్రాట ఒక్క క్షణం ఆగింది. మెడ ఎత్తింది. వాళ్ళమ్మ చూస్తూ చూస్తూ ఆగలేక, సంచి వెనక్కి తోసుకుని, గబగబా వెళ్ళి కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసింది. పక్కన నిలబడితే ఆమె కూతురి చెవి దాకానే వచ్చింది.

పిచ్చుక మళ్ళీ మూలలన్నీ చూసుకుంది. బస్సు అద్దం ఒకటి సగం తెగుతోంది. వెనకాల ఎవరిదో గొడుగు. డ్రాయింగ్ టీచరు చూస్తే ఇది అంత గొప్ప ఫోటో అనదేమో. నొక్కబోయింది.

"మరి నేనో?"

డ్రైవరు సీటు వదిలొచ్చి, బస్సు ముందువైపు కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి చెయ్యి ఊపుతున్నాడు. "నిన్న మోచెయ్యి ఒక్కటే చూపించారు. ఇవాళ మనిషి మొత్తం పడుతోంది. నేను కూడా పడాల్సిందే!"

బస్సంతా గొల్లుమంది. నిట్రాట కూడా ఈసారి ఆపుకోకుండా నవ్వింది. ఆ కిటికీ చాలా దూరంలో ఉంది, ఫోటోలో అందడం లేదు.

"మేం అటు జరగమంటావా?" అంది నిట్రాట.

"వద్దు. మీరు అట్లానే ఉండండి."

పిచ్చుక బెంచీ దిగి, దాన్ని పట్టుకుని వెనక్కి ఈడ్వబోయింది. సిమెంటు బెంచీ కదిలితేగా! ఇక లాభం లేదని కెమెరా రెండు చేతులతో తల మీదికెత్తి, మునివేళ్ళ మీద నిలబడి, దాని చిన్న తెరలోకి చూస్తూ వెనక్కి నడిచింది. ఇంకా అందలేదు. వెనక్కి తిరిగి చూసింది. రోడ్డు పక్కన గుంటలో బురదనీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఒక అడుగు వేసింది. బూటులోకి చల్లగా నీళ్ళు దిగాయి. ఇంకో అడుగు వేసింది. అప్పుడు అందరూ పట్టారు.